తండ్రి వెంట పొరుగునాటికి పోవు బాలుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏడాది సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమునుండి ఇంత దూరము వచ్చుసరికి రిక్తములగును. వేరుసెనగ ఊడలు దిగు వేళ వాన మొగము చాటువేసినచో ఆ యేటి సేద్యము ముగిసినట్లే. పిదప తండ్రి బెంగుళూరు బస్సెక్కును. వెంట కొడుకు. రాయలసీమలో సుగ్గికి పోవుట యను మాట కలదు. కన్నడమున సుగ్గి యనగా పంటకోత కాలము!

ఆ కొడుకు తొమ్మిదేండ్లవాడనుకొనుడు. సగము లేచిన మేడ ప్రక్కన రేకుల షెడ్డులో కాపురము. అంగళ్ళలో తెలుగు తెలిసినవారు పెక్కురు గనుక ఆకలికి భాష అడ్డురాదు. చిక్కు బడిలోనే. పలకపై అక్షరములు తెలిసినట్లే యుండును, తలకట్టు మాత్రము వేరు. కొన్నాళ్ళకు వానికొక కీలు దొరకును. పాలు హాలైనది, పులి హులియైనది, పాము హావైనది, పల్లె హళ్ళియైనది. తెలుగు పకారమున్న చోట హకారము పెట్టి చూచిన పెక్కు మాటలు తామే వచ్చును. ప్రాచీన కన్నడమునను అవి పకారములే. చెట్టును మర యనుట వింతగా తోచును గాని మన మ్రాను దానికి తోబుట్టువే. వ్యాకరణము చదువని బాలుడు దీనిని ఆటలో గ్రహించును.

తండ్రి గ్రహింపలేడు. ఊరిలో పదిమందికి మాట చెప్పినవాడు బస్సు పలక చదివించుకొనుటకు కొడుకు భుజము తట్టవలెను. అప్పుడు వాని మొగమున సంతోషమును, దాని వెనుక కొంత చిన్నతనమును కనబడును.

అమెరికా పోయిన చీనా బాలుర పరీక్ష ఇంతకంటె కఠినము. చీనా కూలీల రాకను నిషేధించిన 1882 నాటి చట్టము 1943 వరకు రద్దు కాలేదు. పౌరుల పిల్లలకు మాత్రము ప్రవేశముండెను. 1906 భూకంపమునకు తోడు చెలరేగిన మంటలలో శాన్‌ఫ్రాన్సిస్కో రికార్డులు కాలిపోగా, కాగితముపై కొడుకులైనవారు పెక్కురు బయలుదేరిరి. దస్త్రము కాలిన చోట అంతే జరుగును. అందుచే 1910 మొదలు 1940 వరకు ఏంజెల్ దీవిలో అధికారులు బాలుని వేరుగా కూర్చుండబెట్టి అడుగుచుండిరి: మీ యూర ఎన్ని వరుసల ఇండ్లు? బావి ఎచట? గడపకు ఎన్ని మెట్లు? తండ్రి జవాబుతో పొసగనిచో తిరుగు ఓడ ఎక్కింపవచ్చును. నిజమైన కొడుకులు సయితము తడబడిరి.

బెంగుళూరిలో ఈ బాలుని ఊరి బావి యెచట అని అడుగువారు లేరు. అడుగువారు లేక మూడేండ్లు గడచిన ఎవడైనను మరచును. 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము టి.సి. లేదని బడిలో చేర్చుకొనకుండరాదు. వయసుకు తగిన తరగతి ఇవ్వవలెను. ఈ సంగతి ప్రయాణమునకు ముందే తండ్రికి తెలియజెప్పవలెను. అయితే తెలుగు అక్షరమును నిలుపుట ఆ చట్టము పనికాదు. ఉగాదికి వచ్చిన బాలుడు రచ్చకట్ట యొద్ద తాతకు పత్రిక చదువబోయి, కన్నడ తలకట్టు తలపునకు వచ్చి ఆగిపోవును. తాత వేచియుండును.

గ్రంథాలయములలో పుస్తకమునకు పదునైదు దినముల గడువు వాడుక. వలసపోవు ఇంటి పిల్లలకు పెద్ద అక్షరముల కథల పుస్తకములు రెండేసి యిచ్చి, గడువు గడిలో "ఉగాది" అని వ్రాయవచ్చును. ఆలస్య రుసుము వలదు. కొన్ని తడిసి వచ్చును, కొన్ని రానేరావు. అట్టివానిని ఏడాది చివర లెక్కలో కొట్టివేయుటకు కార్యవర్గము ఇప్పుడే తీర్మానము చేయుట మంచిది.