వానకాలమందు కారు ఇంజను ఊపిరి
(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఆశ్వయుజ కార్తికములు వచ్చినచో మన తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతములకు ఈశాన్య ఋతుపవనము తప్పదు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానును మీరు మఱచియుండరు. పిల్లలను కారులో బడికి తెచ్చువారికై యీ నాలుగు మాటలు.

ఇంజనును ఊపిరి పీల్చును. వేయి సి.సి. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు, యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కినచో, సుమారు 1500 లీటర్ల గాలిని లాగుకొనును. ఆ గాలితో నాలుగు చినుకులు వచ్చినను హాని లేదు; ఫిల్టరు పెట్టె అడుగునున్న చిన్న రంధ్రము వానిని వదలివేయును. (అది మట్టితో పూడియుండుట పెక్కు కార్లలో చూచితిని.)

కొందఱు కుఱ్ఱవాండ్రు శబ్దము గంభీరముగా నుండునని ఆ పెట్టెనే తీసివేసి, ఫిల్టరును బయట విడుచుచున్నారు. అట్టిదానికి రేకుతో చిన్న చూరు కట్టింపవలెను. ప్లాస్టిక్కు సంచి చుట్టుట మాత్రము కూడదు, ఊపిరాడదు.

అసలు భయము చినుకు కాదు, నిలిచిన నీరు. గాలి నొక్కిన అణగును, నీరు అణగదు. సిలిండరులో నీరు చేరినచో పైకి వచ్చు పిస్టను దానిచే అడ్డగింపబడి, కనెక్టింగు రాడ్డు వంగిపోవును. మా బంధువొకడు రైలుకట్ట క్రింది నీటిలో బండి ఆగిపోగా, వెనుక పిల్లలు ఏడ్చుచుండ, కంగారున తాళము మరల మరల త్రిప్పెను. ఇంజను పోయినది.

కావున నీటిలో ఆగిన బండికి తాళము త్రిప్పకుడు. ముందు పిల్లలను దింపుడు. పిదప బండిని త్రోయించుడు. పెట్రోలు బండియైనచో, మెకానిక్కు ప్లగ్గులు విప్పి నీరు వెడలగొట్టిన తరువాతనే స్టార్టు చేయవలెను.