టీకా వద్దనే తల్లి మాట కూడా విందాం

(నూజివీడులో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో ఒక విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి జబ్బ మీద మశూచి టీకా మచ్చ ఉంది. మన మనుమలకు ఆ మచ్చ లేదు, ఆ అవసరమూ లేదు. మన దేశంలో మశూచి చివరిసారి కనిపించింది 1975లో. లోకంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. సహజ వైరస్ వల్ల వచ్చే పోలియో కూడా 2011 జనవరి తరువాత మన దేశంలో నమోదు కాలేదు. ఇంత మేలు కళ్ళెదుట ఉన్నా కొందరు తల్లిదండ్రులు టీకాకు ఎందుకు వెనకాడతారు? తెలియనితనం అని ఒక్క మాటలో తేల్చేస్తాం. నేనూ ఒకప్పుడు అలా అన్నదాన్నే. అందుకే నా అనుభవం ఒకటి మనవి చేస్తాను.

1990 వేసవి. నేను అప్పుడు ఏ.ఎన్.ఎం.ని. మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. తోటలో కాయలు ఏరి గంపల్లో సర్దే కూలికి వెళ్ళే ఒక తల్లి మూడు నెలల పిల్లను తీసుకొస్తే ట్రిపుల్ యాంటీజెన్ సూది వేశాను. ఆ రోజు ఇంకా చాలామంది పిల్లలున్నారు. జ్వరం రావచ్చునని చెప్పకుండానే పంపేశాను. రాత్రికి పిల్ల ఒళ్ళు కాలిపోయింది. తొడ మీద గడ్డ కట్టింది. తల్లికి రెండు రోజుల కూలి పోయింది. బాగున్న పిల్లకు జ్వరం తెప్పించావని ఇంటాయన చేత చీవాట్లు తిన్నది.

మరుసటి నెల నేను వెళ్ళేసరికి తలుపు వేసుకుంది. నేను వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా, "చదువు లేకపోతే ఇంతే" అని కసిరి వచ్చాను. తొమ్మిదో నెలలో వేయవలసిన తట్టు టీకాకూ ఆమె రాలేదు. నేనూ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మళ్ళీ కోతల కాలం వచ్చేసరికి ఆ పిల్లకు తట్టు పోసింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. దేవుడి దయవల్ల బతికింది. చూడడానికి వెళ్ళినప్పుడు ఆ తల్లి నన్ను తిట్టలేదు. "జొరం వస్తదని ముందే చెప్పుంటే, మా అత్తని ఇంటికాడ ఉండమనేదాన్ని కదండీ నర్సమ్మగారూ" అంది. చదువు లేనిది ఆమెకు కాదు, నాకేనని అప్పుడు తెలిసింది. ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జ్వరం మాట చెప్పకుండా ఒక్క సూదీ వేయలేదు.

ఇక రెండో కారణం, అడగకుండా చేయడం. మన తిరువూరు దాటితే వచ్చే ఖమ్మం జిల్లాలోనే అలా జరిగింది. అప్పుడది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2009లో భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ కలిసి అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా వేయించాయి. హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలు కూడా వారిలో ఉన్నారు. చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు. కానీ అంగీకారం తీసుకున్న తీరును తప్పుపట్టింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా అనేక దేశాలలో ఆడపిల్లలకు మేలు చేస్తున్నదే. అయినా కన్నవారిని అడగకుండా వేస్తే మంచి మందు మీద కూడా అనుమానం పుడుతుంది. ఆ అనుమానం అన్ని టీకాల మీదికీ పాకుతుంది.

మూడో కారణం పుకార్లు. 2017లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం జరిగినప్పుడు సెల్‌ఫోన్లలో ఎన్ని తప్పుడు కబుర్లు తిరిగాయో మీకు తెలుసు. కంఠసర్పితో ఊపిరాడని బిడ్డను మనం చూశాం. నేటి తల్లులు చాలామంది చూడలేదు. వారికి జబ్బు కనపడదు, సూది నొప్పి మాత్రం కనపడుతుంది. అలాంటప్పుడు ఫోనులో వచ్చిన కబురే నిజమనిపిస్తుంది.

మరి మనం చేయగలిగిందేమిటి? పెన్షనర్లకు కూలి పోతుందన్న భయం లేదు. తీరిక ఉంది. ఇరుగుపొరుగున పసిబిడ్డ తల్లి ఉంటే టీకా రోజున వెంట వెళ్దాం. కార్డు భద్రంగా దాచమందాం. ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చునని ముందే చెబుదాం. సూది వేసిన చోట రుద్దవద్దని, చల్లని తడిగుడ్డ వేయమని చెబుదాం. జ్వరం మందు ఎంత పట్టాలో నర్సునే అడిగించుదాం. పిల్ల పాలు మానేసినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్దాం. మర్నాడు తల్లికి పని ఉంటే ఆ పూట బిడ్డను కనిపెట్టుకుని ఉందాం. "ఎందుకు వద్దంటున్నావమ్మా?" అని అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా విందాం.

నేనా రోజు వాకిట్లో నిలబడి కసరకుండా ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, ఆ బిడ్డకు పదకొండు రోజుల అవస్థ తప్పేది.