ముందు పని దారి, తర్వాతే సాఫ్ట్‌వేర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం లెక్కలు, సభ్యుల వివరాలు, పేద పిల్లలకిచ్చే ఉపకార వేతనాల దరఖాస్తులు ఇకమీదట కంప్యూటర్‌లో పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే మంచిదో చెప్పమని నన్ను అడిగారు. చాలా ఏళ్లుగా ఆఫీసుల్లో ఇదే పని చేస్తున్నవాడిగా నేను చెప్పేదేమిటంటే, అది రెండో ప్రశ్న. ఇప్పుడు పని ఎలా జరుగుతోంది, ఎక్కడ ఆగుతోంది అన్నది మొదటి ప్రశ్న.

పొలాలు కొన్న మన పెద్దవాళ్లను అడగండి. ఒకప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజును గుమస్తా చేత్తో పెద్ద పుస్తకంలోకి ఎక్కించేవాడు. కాగితం చేతికి రావడానికి రోజులు పట్టేది. 1998 నవంబరులో మన రాష్ట్రంలో ‘కార్డ్’ పేరుతో ఈ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. చేతిరాతకు బదులు టైపు చేయించి ఊరుకోలేదు. తిరిగి రాయడమనే మెట్టునే తీసేసి దస్తావేజును స్కాన్ చేశారు. దానికి వీలుగా చట్టాన్నీ సవరించారు. ఈసీ త్వరగా ఇవ్వాలని 1983 నుంచి జరిగిన లావాదేవీల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అసలు శ్రమ అక్కడుంది. అయినా మధ్యవర్తులు పోలేదు. కాగితం ఎలా రాయాలో తెలియని రైతు భయం కంప్యూటర్‌తో తీరేది కాదు.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. ఒక జిన్నింగు మిల్లుకు ఖరీదైన ప్యాకేజీ నేనే ఎంపిక చేశాను. యజమానితో మాట్లాడాను, అకౌంటెంటుతో మాట్లాడాను. కాటా దగ్గర పత్తి తూచే ఆయనతో మాత్రం మాట్లాడలేదు. ఆయన తేమ చూసి, తరుగు తీసి చీటీ మీద రాస్తాడు. నేను కొన్న ప్యాకేజీలో తరుగుకు గడే లేదు. చీటీలో ఒక బరువు, కంప్యూటర్‌లో మరో బరువు. సీజను చివర అన్నీ మళ్లీ లెక్క కట్టేసరికి రైతుల డబ్బు నెల రోజులు ఆలస్యమైంది. ఆ నెల వడ్డీ వాళ్ల మీద పడింది, నా మీద కాదు.

అందుకని కార్యవర్గానికి నా మనవి. డబ్బు కట్టేముందు ఒక సాయంత్రం కూర్చుని, దరఖాస్తు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తుందో తెల్లకాగితం మీద రాయండి. దరఖాస్తులు తీసుకునే మాస్టారినీ పిలవండి. ఏ సంతకం ఎందుకో చెప్పలేకపోతే ఆ సంతకం తీసేయండి. అయితే వివరాలు ఎక్కించేవారు, డబ్బు మంజూరు చేసేవారు ఒకరే కాకూడదు.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ చూడండి. రేపు వద్దనుకుంటే మన వివరాలన్నీ బయటికి తీసుకోగలమా? తెలుగు పేర్లు యూనికోడ్‌లో ఉంటాయా? అను ఫాంట్లలో కొట్టిన జాబితాల్లో పేరు వెతకడం ఎంత కష్టమో డీటీపీ చేసినవాళ్లకు తెలుసు. వెంకటేశ్వర్లు పేరును ఇంగ్లీషులో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి ప్రతి సభ్యుడికీ ఒక నంబరు ఇవ్వాలి. పోయిన ఏడాది దరఖాస్తులు ఓ ఇరవై అందులో ఎక్కించి చూడండి. చిన్న సంఘానికి ఒక్కోసారి మామూలు ఎక్సెల్ పట్టికే చాలు.

చివరగా, సాఫ్ట్‌వేర్ బాగుందో లేదో తేల్చే పరీక్ష ఒక్కటే. దరఖాస్తు పెట్టుకున్న పిల్లకు ఫీజు గడువులోగా డబ్బు అందిందా? అందితే మనం మంచిదే కొన్నాం. అందకపోతే మన పాత నోటుపుస్తకమే నయం.