కిస్తీ తేదీ చూసి మొక్కను పంపొద్దు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో నర్సరీ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము నర్సరీ సంఘం వాళ్లం, పన్నెండు మందిమి. పోయిన మహాసభలో మా పని గురించి రెండు ముక్కలు చెప్పి కూసున్నం. ఆ తర్వాత ఏ ఊరి అక్క కలిసినా ఒకటే అడిగింది: "పూల చెట్లు పెంచుడు ఎట్లనే? అందుల పైసలున్నయా?" ఉన్నయి. పోగొట్టుకునే దారి కూడా ఉంది. మేము రెండూ చూసినం కాబట్టి రెండూ చెప్తాం.

మన రాష్ట్రంలో 2015లో హరితహారం మొదలయ్యాక మొక్కలు పెంచే పని ఊరూరికీ వచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామ పంచాయతీకి ఒక నర్సరీ ఉండాలన్నది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నది. మేము కూడా ముందు ఊరి నర్సరీలో కూలికి సంచులు నింపినవాళ్లమే. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపుడు అక్కడే నేర్చుకున్నం. తర్వాత బ్యాంకు లింకేజీ అప్పు తీసుకొని, అర ఎకరం కౌలుకు పట్టి, బోరు ఉన్న చోట సొంతంగా షేడ్‌నెట్ వేసుకున్నం.

బడులు, ఫంక్షన్ హాళ్లు, పట్నం పక్కన వెంచర్లు వేసేవాళ్లు అందరూ ముందు అడిగేది బాటిల్ బ్రష్. సీసా కడిగే బ్రష్ లెక్క ఎర్రగా వేలాడే పువ్వు. మనం రేకులు అనుకునేవి రేకులు కావు, కేసరాలు. ఆస్ట్రేలియా దేశపు చెట్టు ఇది. మన ఎండకు తట్టుకుంటది, మరీ ఎత్తు పోదు, తేనెపిట్టలు వస్తయి. కరెంటు తీగల కింద, బడి గోడ పక్కన పెట్టుకోవచ్చు. సున్నపు నేల అయితే మాత్రం ఆకు పసుపు పడుతుంది. నీళ్లు నిలిచే చోట వద్దు.

మొదటి ఏడు దాని గింజ తెచ్చి, బంతి గింజ వేసినట్టే మట్టి కప్పి, బకెట్‌తో నీళ్లు పోసినం. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. గింజ మంచిది కాదని అమ్మినాయనను తిట్టుకున్నం. తప్పు గింజది కాదు, మాది. బాటిల్ బ్రష్ గింజ దుమ్ము లెక్క ఉంటది. దాని మీద మట్టి కప్పితే పైకి రాలేదు.

ఇప్పుడు చేసే పద్ధతి ఇది. చెట్టు కొమ్మకు గుండ్రటి గట్టి కాయలు అంటుకొని ఉంటయి. ఏళ్ల తరబడి రాలకుండా అట్లనే ఉంటయి. అందులో ముదురు కొమ్మ మీది గోధుమరంగు కాయలు కోసి, కాగితం కవర్లో వేసి నాలుగు రోజులు వెచ్చని చోట పెడితే అవే నోరు తెరుస్తయి, గింజ రాలుతుంది. దాన్ని సన్నటి ఇసుకలో కలిపి ట్రేలో పైపైన చల్లాలి. మట్టి కప్పొద్దు. పైనుంచి నీళ్లు పోయొద్దు. ట్రేను నీళ్ల తొట్టిలో కాసేపు నిలబెడితే తడి కిందినుంచి ఎక్కుతుంది. మొలకలకు నాలుగైదు ఆకులు వచ్చాక పుల్లతో లేపి సంచుల్లోకి మార్చాలి.

ఇంకో సంగతి. గింజతో పెంచిన చెట్టు తల్లి లెక్కనే ఉంటదని చెప్పలేం. రంగులో తేడా రావచ్చు, పువ్వు పూసేసరికి కొన్నేళ్లు పడుతుంది. తొందరగా, అదే రంగు పువ్వు కావాలంటే కొమ్మ నాటుకోవాలి. వానాకాలంలో మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మ జానెడు కోసి, కింది ఆకులు తీసేసి, వేళ్లు పట్టే పొడి అద్ది, ఇసుకలో గుచ్చి, పైన పాలిథిన్ కప్పుతం. వేళ్లకు రెండు నెలలు అటూ ఇటూ పడుతుంది. అన్నీ పట్టవు. సగం పోతాయని ముందే లెక్క వేసుకుంటం.

మిగతా చెట్ల గింజలకు వేరే గుణం. తురాయి గింజ రాయి లెక్క గట్టిది. మరిగిన నీళ్లు పొయ్యి దించి గింజలు అందులో వేసి, ఒక రోజు వదిలేస్తం. ఉబ్బినవి వేస్తం, ఉబ్బనివి మళ్లీ నానేస్తం. రేల గింజను గరుకు బండ మీద రుద్ది నానబెడితే మొలక తొందరగా వస్తది. మోదుగు గింజ దాచుకుంటే పాడైతది, కాయ రాలిన ఎండాకాలంలోనే వేసుకోవాలి. తంగేడుకు తల్లివేరు లోతుకు పోతుంది, పెరిగినాక పీకి నాటితే బతకదు. అందుకే నేరుగా సంచిలోనో నేలలోనో రెండు గింజలు వేస్తం. పట్నంలో బతుకమ్మకు తంగేడు పువ్వును కొనుక్కుంటున్నరు. మనకు ఊరికే దొరికిన పువ్వు అది. చెల్క గట్ల మీద దాన్ని కాపాడుకోవాలె.

ఇక పోగొట్టుకున్న సంగతి చెప్తాం. దాచేది లేదు.

రెండో ఏడు మా దగ్గర బాటిల్ బ్రష్ మంచిగా వచ్చింది. మే నెలలో వెంచర్ వేస్తున్న ఒకాయన వచ్చి ఆరు వందల మొక్కలు కావాలన్నడు, సగం పైసలు చేతిలో పెట్టిండు. మొక్కలు షేడ్‌నెట్ కిందినుంచి బయటికి తీసి వారం కూడా కాలేదు. మాలో పెద్దక్క, "ఇంకా ఎండకు అలవాటు కాలే. వాన పడ్డంక పంపుదాం" అన్నది. ఆ నెల కిస్తీ కట్టే తేదీ దగ్గర పడ్డది. మిగతావాళ్లం ఆమె మాట వినలేదు. లారీ ఎక్కించినం.

ఇరవై రోజులు కాకముందే ఎక్కువ మొక్కలు మాడిపోయినయి. ఆయన మిగతా సగం ఇవ్వలేదు. ఇచ్చింది కూడా వాపసు అడిగిండు. మండుటెండలో నాటుడు, సరిగ నీళ్లు పెట్టకపోవుడు ఆయన తప్పే. కానీ ఆ మొక్కలు అప్పుడే పోవద్దని మాకు తెలుసు. తెలిసి పంపినం. అది మా తప్పు. కిస్తీని మా సొంత పొదుపు నుంచి కట్టినం. ఆ పొదుపు మళ్లీ నిండేసరికి ఎనిమిది నెలలు పట్టింది. పైసలకంటే ఎక్కువ బాధ ఏందంటే, తర్వాత రెండు మీటింగుల దాకా పెద్దక్క నోరు తెరవలేదు. మూడో మీటింగులో మేమే ఆమెను క్షమించమని అడిగి, ఆ మాటను తీర్మానం పుస్తకంలో రాసుకున్నం: మొక్క ఎప్పుడు పోవాలో మొక్కను చూసి చెప్పాలి, కిస్తీ తేదీని చూసి కాదు.

తీర్మానం రాసినంత మాత్రాన కిస్తీ ఆగదు కదా. అందుకే నర్సరీని మూడు వరుసలు చేసినం.

మొదటి వరుస నారు. మిరప, వంగ, టమాట, దసరా ముందు బంతి. నెల, నెలన్నరలో అమ్ముడుపోతుంది. నెలనెలా కిస్తీ దీనిమీదనే.

రెండో వరుస కొమ్మతో వచ్చేవి. కాగితం పూలు, మందారం, నందివర్ధనం. ఆరు నెలలలోపు చేతికొస్తయి. సంచులు, ఎరువు, కౌలు ఖర్చు వీటిమీద.

మూడో వరుస చెట్లు. బాటిల్ బ్రష్, రేల, తురాయి, పొగడ. వీటికి తొందర లేదు. మూడడుగులు పెరిగి, నెల రోజులు పూర్తి ఎండలో నిలబడ్డాకనే గేటు దాటుతయి. అంతదాకా నెలకొకసారి సంచి జరిపి, కింద నేలలోకి దిగిన వేరు కత్తిరిస్తం. చిన్న సంచిలో వేరు చుట్టుకుంటే పెద్ద సంచికి మారుస్తం. చుట్టుకున్న వేరుతో నాటిన చెట్టు పచ్చగానే కనబడి, గాలివాన వచ్చిన రోజు పడిపోతది.

కొనేవాళ్లతో మాట్లాడే పద్ధతి కూడా మార్చినం. ఎండాకాలంలో చెట్ల ఆర్డరు రాసుకుంటం గానీ, సరుకు వానలు పడ్డాకనే ఇస్తం. తురాయి అడిగితే ముందు జాగా అడుగుతం. దాని వేరు పైపైన పారుతుంది, కొమ్మ పెళుసు. ఇంటి గోడకు, కరెంటు తీగకు దూరం లేకపోతే బాటిల్ బ్రష్ తీసుకపొమ్మంటం. ప్రతి బండితో ఒక చీటీ పంపుతం: సంచి చింపి నాటండి, కట్టె పాతండి, పువ్వు అయిపోయినాక బాటిల్ బ్రష్ కొమ్మను ఎండిన పువ్వు వెనకనుంచి కొద్దిగా కత్తిరించండి, గుబురు వస్తది. ఇట్లా చేస్తే కొందరు కొనకుండా వెళ్లిపోయిండ్రు. పోయినోళ్లలో కొందరు వానలు పడ్డాక తిరిగి వచ్చిండ్రు.

ఈ మహాసభను మేము అడిగేవి రెండు.

ఒకటి, నర్సరీ పెట్టుకునే సంఘాలకు అప్పు కిస్తీని నెలనెలా ఒకే లెక్కన కాకుండా, మొక్క అమ్ముడుపోయే జులై, ఆగస్టు, సెప్టెంబరులో ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ ఉండేటట్టు బ్యాంకుతో మాట్లాడాలి. మొత్తం తగ్గించమని అడుగుతలేం. కట్టే కాలం మార్చమంటున్నం.

రెండు, సమాఖ్య పేరుమీద పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు ఎన్ని మొక్కలు ఇస్తరు అని మాత్రమే అడగకుండా, ఎన్ని తయారుగా ఉన్నయో ముందు వచ్చి చూడాలి. లేని మొక్కను ఒప్పుకోమని ఏ సంఘాన్నీ బలవంతం చేయొద్దు. మా ఒక్కరి మొక్క చచ్చిపోయినా పేరు పోయేది సమాఖ్యదే.

కొత్తగా మొదలుపెట్టాలనుకునే అక్కలు ఒక్కసారి వచ్చి మా దగ్గర నాలుగు రోజులు పని చేయండి. కూలి ఇస్తం, పద్ధతి చూపిస్తం, ఖర్చు పుస్తకం ముందర పెడతం. మాడిపోయిన ఆరు వందల మొక్కల లెక్క కూడా అందులోనే ఉంది, కొట్టేయలేదు.

తలుపు దగ్గర తంగేడు గింజలు చిన్న చిన్న పొట్లాలు కట్టి పెట్టినం. ఊరికొకటి తీసుకపోండి. మొదటి వాన పడ్డాక చెల్క గట్టు మీద, బడి కంచె పక్కన వేయండి. పైసలు ఇవ్వొద్దు. వచ్చే మహాసభకు ఎన్ని మొలిచినయో వచ్చి చెప్పండి.