ఆరోగ్య ప్రణాళిక ఎక్కడ మొదలు కావాలి?

(ఆర్మూర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతానికి ఒక ప్రజారోగ్య ప్రణాళిక ఎలా తయారు చేసుకోవాలన్నది ఈరోజు మన ముందున్న విషయం. మామూలుగా ఇలాంటి ప్రణాళికలు రోగాల జాబితాతో మొదలై మందుల జాబితాతో ముగుస్తాయి. వాటిలో స్త్రీలు కనిపించేది రెండుచోట్లే: కాన్పు దగ్గర, కుటుంబ నియంత్రణ దగ్గర. నా ప్రతిపాదన వేరు. మన ప్రణాళిక ఇక్కడి స్త్రీల శ్రమ దగ్గర మొదలు కావాలి.

ఆర్మూర్ ప్రాంతపు ఏడాదిని ఒకసారి చూడండి. సంక్రాంతి ముందూ వెనకా పసుపు తవ్వకాలు మొదలవుతాయి. కొమ్ములు ఏరడం, ఉడకబెట్టడం, కళ్ళంలో ఆరబోయడం – వంగిన నడుము, ఆవిరి, ఎండ, దుమ్ము. ఇక బీడీల చాటకు కాలంతో పని లేదు. గంటల తరబడి కదలకుండా కూర్చుని, తంబాకు పొడి పీలుస్తూ వెయ్యి బీడీల లెక్క తేల్చాలి. మగవాళ్ళు గల్ఫ్‌కు పోయిన ఇళ్ళలో పొలం, అప్పు, పిల్లలు, ముసలివాళ్ళు – అన్నీ ఆమె మీదే. దగ్గు, నడుము నొప్పి, నిద్ర పట్టకపోవడం, దిగులు అనేవి విడివిడి జబ్బులు కావు, ఒకే బతుకులోంచి పుట్టుకొచ్చినవి.

2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. పసుపులోని ఔషధ గుణాల మీద పరిశోధనను ప్రోత్సహించడం కూడా దాని లక్ష్యాల్లో ఉంది. సంతోషమే. కానీ ఆ పసుపును తవ్వి, ఉడకబెట్టే స్త్రీల ఆరోగ్యం ఎవరి లక్ష్యం? ఈ ప్రశ్న బోర్డు ముందు పెట్టాల్సింది మనమే.

బీడీల సంగతి మరింత చిక్కైనది. 1966లో బీడీ కార్మికుల పని పరిస్థితుల మీద చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి ఏర్పడింది. దవాఖానాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు, ఇళ్ళ సాయం దాని నుంచే వచ్చాయి. 2017లో జీఎస్టీతోపాటు ఆ నిధికి ఆధారమైన సెస్సు రద్దయింది. బీడీ ఆరోగ్యానికి హానికరమని చెప్పడం సులువు. వేరే పని చూపించకుండా బీడీ మానమని చెబితే ఆకలినే మందుగా రాసిచ్చినట్టవుతుంది. ప్రత్యామ్నాయ ఉపాధి కూడా ఆరోగ్య ప్రణాళికలో భాగమే.

ఇప్పుడు గర్భసంచి ఆపరేషన్ల విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 8 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఇది సుమారు 3. అదే సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. తెల్లబట్టకో, అధిక రక్తస్రావానికో వెళ్ళిన మనిషికి క్యాన్సర్ భయం చూపించడం ఒకవైపు. ఇంకోవైపు ముట్టు రోజుల్లో కూలి పోతుందని, పిల్లలు పుట్టాక ఆ సంచితో పనేముందని స్త్రీలే అడగడం. దీన్ని అజ్ఞానం అనుకుంటే పొరపాటు. విశ్రాంతి హక్కు లేని శరీరం తనకు దొరికిన దారి వెతుక్కుంటోంది. కానీ చిన్న వయసులో ఆ ఆపరేషన్, ముఖ్యంగా అండాశయాలు కూడా తీసేస్తే, ముట్లుడిగే దశను ముందుకు తెస్తుంది, ఎముకల్ని బలహీనం చేస్తుంది. అనవసరమైన ఆపరేషన్ల మీద వచ్చిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లాస్థాయి కమిటీ ఈ ఆపరేషన్లను పరిశీలించాలి. స్త్రీ వయసుతోపాటు వృత్తిని కూడా నమోదు చేయాలి. వృత్తి అన్న ఆ ఒక్క మాట మనకు గట్టి ఆయుధం.

మరి ఏం చేద్దాం? ప్రతి ఊళ్ళో, వాడలో స్త్రీలు కూర్చుని పనుల క్యాలెండర్ గీయాలి. ఏ నెలలో ఏ పని, ఏ నొప్పి, ఎంత కూలి పోయింది అన్నది అందులో రాయాలి. గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్నవారి వయసు, పని, చెప్పిన కారణం పేర్లు లేకుండా నమోదు చేయాలి. ఆపరేషన్ సలహా వచ్చిన ప్రతి స్త్రీకీ ప్రభుత్వాసుపత్రిలో రెండో అభిప్రాయం దొరకాలి. కూలి పోకుండా వెళ్ళగలిగేలా సాయంత్రం పూట వైద్యం అందాలి. తవ్వకాల కాలంలో పొలాల దగ్గర నీళ్ళు, నీడ, మరుగుదొడ్డి, పసిపిల్లలకు చోటు ఉండాలి.

ఇవేవీ దయతో ఇచ్చేవి కావు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పంచాయతీలకు, పన్నెండో షెడ్యూలు మున్సిపాలిటీలకు ఆరోగ్యాన్ని అప్పగించదగిన బాధ్యతగా గుర్తించాయి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీలూ ఉన్నాయి. ఆ కమిటీలో ఎవరున్నారో, సమావేశం ఎప్పుడు జరిగిందో, డబ్బు దేనికి ఖర్చయిందో మీ ఊరికి వెళ్ళి అడగండి. బీడీలు చుట్టే మనిషి, పసుపు కూలికి పోయే మనిషి అందులో కూర్చునేదాకా అడుగుతూనే ఉండండి.