రెండు రకాల రాజీ



యుద్ధ వ్యతిరేక సభ తలపెట్టిన ప్రతిసారీ ఒక అభ్యంతరం వినవస్తున్నది. నాస్తికులైన కమ్యూనిస్టులతో మీకేమి పని అని మనవారు అడుగుతారు. మతస్థులతో వేదిక పంచుకుంటే సిద్ధాంతం మైలపడదా అని వారిలోనూ కొందరు అడుగుతారు. బ్రిటన్‌లో ఈ వివాదం ఇరవై యేళ్ల క్రితమే నడిచింది.

2001 సెప్టెంబరులో వామపక్షీయులు లండన్‌లో ‘స్టాప్ ది వార్’ కూటమిని స్థాపించారు. ఇరాక్‌పై దాడికి సన్నాహాలు మొదలైన తరువాత ముస్లిం అసోసియేషన్ ఆఫ్ బ్రిటన్ వారితో చేయి కలిపింది. లౌకికవాదం, స్త్రీల హక్కుల విషయంలో ఇది రాజీయేనని కొన్ని వామపక్ష బృందాలు ఆక్షేపించాయి. ఆ భేదాలు లేవని మేము అనము. అయినా 2003 ఫిబ్రవరి 15న, పోలీసుల లెక్క ప్రకారమే, ఏడున్నర లక్షల మంది కలిసి నడిచారు. అందుకు నమాజు మానవలసిన పని గాని, మార్క్స్‌ను విడువవలసిన పని గాని ఎవరికీ కలుగలేదు.

రెండవ రాజీ పార్లమెంటులో జరిగింది. లేబర్ మంత్రి క్లేర్ షార్ట్ ఆ మార్చిలో ప్రధాని బ్లెయిర్ విధానాన్ని దుస్సాహసమని బహిరంగంగా విమర్శించారు. ఐక్యరాజ్యసమితి ఆమోదం లేనిదే యుద్ధానికి దిగితే రాజీనామా చేస్తానన్నారు. ఆమోదం రాలేదు, 18వ తేదీన ఆమె ప్రభుత్వం పక్షాననే ఓటు వేశారు. ఇరాక్ పునర్నిర్మాణానికి తోడ్పడవచ్చునని ఆమె వాదన. మే 12న ఆమె పదవి విడిచేసరికి బాగ్దాద్ పతనమై నెల దాటింది. రాబిన్ కుక్ ఓటింగుకు ముందురోజే రాజీనామా చేశారు. యుద్ధానికి తగిన కారణం రుజువు కాలేదన్న సవరణను 139 మంది లేబర్ సభ్యులు బలపరచినా అది వీగిపోయింది.

గుమాస్తాగిరీలో జీవితం గడిపిన మాకు ఒక సంగతి తెలుసు. నోటు ఫైలులో ఎంత ఘాటుగా అభ్యంతరం రాసినా, ఉత్తర్వుపై సంతకం పెట్టిన పిమ్మట అమలయ్యేది ఉత్తర్వే. అభ్యంతరం బీరువాలో ఉండిపోతుంది.

పక్కన నడిచేవాని విశ్వాసం విషయంలో సర్దుకుంటే మన అభిమానం కొంత దెబ్బతినవచ్చు. షార్ట్ గారి సర్దుబాటు ఖరీదును బాగ్దాదు, బస్రా కుటుంబాలు చెల్లించాయి. అలాగని సద్దాంను వీరుడిగా కీర్తించే ఉపన్యాసాలనూ మేము హర్షించము. 1988లో హలబ్జాలో విషవాయువుకు బలియైన కుర్దులూ ముస్లిములే.

వచ్చే నెల సభకు వామపక్ష మిత్రుల ఆహ్వానం అందింది. అసర్ నమాజుకు విరామం కోరాము, అంగీకరించారు. ఎవరి జెండా వారు తెచ్చుకోవచ్చు. మన కమిటీ వెళ్లుటకే నిర్ణయించింది.