శీతలదేశపు వసంత గోధుమ: మార్క్విస్



పైరు ఎంత ఏపుగ పెరిగినను, కోత ఒక్క వారము ఆలస్యమైనచో ఏడాది కష్టమంతయు వ్యర్థమగు దేశము కలదు. అది కెనడాలోని పడమటి మైదానము. అచ్చట శీతకాలమున నేల గడ్డకట్టి యుండును. ముందుగా విత్తిన గోధుమ ఆ చలికి బ్రదుకుట కష్టము. కావున మంచు కరగిన పిమ్మట ఏప్రిల్, మే నెలలలో విత్తుదురు. అందుచేతనే దీనికి వసంత గోధుమ యని పేరు. అయినను గండము తీరలేదు. ఆగస్టు చివరనో సెప్టెంబరులోనో ఒక రాత్రి మంచు కురిసెనా, పాలుపోసికొనుచున్న గింజ ముడుతలుపడి తాలగును. అంగడిలో దాని తరము పడిపోవును.

పూర్వమచ్చటి రైతులు రెడ్ ఫైఫ్ అను గోధుమను విత్తుచుండిరి. దాని పిండి శ్రేష్ఠమే గాని పంట ఆలస్యము. 1892వ సంవత్సరమున ఆర్థర్ సాండర్స్ దానిని తండ్రిగను, హార్డ్ రెడ్ కలకత్తా యను దానిని తల్లిగను జేసి సంకరము గావించెను. ఈ తల్లి మన హిందూదేశపుదే! దిగుబడి స్వల్పమైనను త్వరగా పండుట దాని గుణము. 1903 మొదలు ఆయన సోదరుడు చార్లెస్ సాండర్స్ ఒట్టావా క్షేత్రమున ఆ సంతతినుండి మేలైన వెన్నులను ఏఱి వేఱువేఱుగ విత్తించెను. మరకు చాలని కొలది గింజలను నోట నమలి, మిగిలిన జిగురునుబట్టి రొట్టెకు దగునో లేదో నిర్ణయించెను. పంటిపరీక్ష యని నవ్వకుడు. పిదప పిండి పట్టి రొట్టె కాల్చి చూచినను మార్క్విస్ మేలనియే తేలెను.

దీని కాడ పొట్టిది, గట్టిది. గాలికి అంతగా ఒరుగదు. వెన్నుకు మీసములుండవు. గింజ ఎఱ్ఱనిది, కఠినమైనది. పండిన పిదప సులభముగ రాలదు. అన్నిటికంటె ముఖ్యము, రెడ్ ఫైఫ్ కంటె వారము మొదలు పదిదినములు ముందు కోతకు వచ్చును. 1907లో సస్కాచెవాన్‌లోని ఇండియన్ హెడ్ క్షేత్రమున పరీక్షించి 1909లో రైతులకు బంచిరి. 1911లో రోస్థర్న్ రైతు సీగర్ వీలర్ ఈ గోధుమతోనే న్యూయార్కు ప్రదర్శనమున వెయ్యి డాలర్ల బంగారమును బహుమానముగ గెలిచెను.

అంతమాత్రమున ఈ విత్తనమునకై మన రైతులు ఆరాటపడ బనిలేదు. మన యాసంగి గోధుమకు శత్రువు మంచు గాదు, గింజ నిండు వేళ ముదురు ఎండ.

దీని లోపమును దాచరాదు. కాడకు బట్టు కుంకుమ తెగులును ఇది తాళలేదు. ముందుగ పండుటచే కొంత తప్పించుకొన్నను, 1916లోను మరల 1935లోను ఆ తెగులు పొలములను పాడుచేసెను. తరువాత థాచర్ అను రకము దీని స్థానము నాక్రమించెను. ఆ థాచర్ పుట్టుకలోను మార్క్విస్ పాలు కలదు.